తేనెటీగల విషంతో మోకాళ్ళ నొప్పికి వైద్యం: మా అమ్మగారికి చేయించవచ్చా?

తెనాలి వాసి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా అమ్మగారికి 63 ఏళ్ళు. కొన్నేళ్ళుగా రెండు మోకాళ్ళూ నొప్పి పెడుతున్నాయి, కుడి మోకాలు మరీ బాధిస్తోంది. ఎక్స్‌రే చూసిన ఎముకల డాక్టరుగారు కీలు అరుగుదల మధ్యస్థంగా ఉందనీ, ఇప్పుడే ఆపరేషన్ అక్కరలేదనీ చెప్పారు. గతంలో ఆమెకు కడుపులో పుండు పడి రక్తస్రావమైనందువల్ల నొప్పి మాత్రలు వాడనివ్వడం లేదు. రక్తపోటుకు రోజూ అటెనోలాల్ 50 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటారు. షుగరు లేదు.

మా మేనత్తగారి ఊళ్ళో తేనె పెట్టెలు పెట్టుకున్న ఒకాయన తేనెటీగలతో కుట్టించి కీళ్ళ నొప్పులు పోగొడుతున్నాడని చుట్టుపక్కల పేరు పాకింది. మొదటి రోజు ఒక్క ఈగతో మొదలుపెట్టి, వారానికి రెండు విడతలుగా పెంచుకుంటూ పోయి, చివరికి ఒక్కో మోకాలికి పది దాకా కుట్టిస్తాడట. మా అత్తయ్య చేయించుకుని, నొప్పి సగానికి సగం తగ్గిందనీ, మేడ మెట్లు పట్టుకోకుండా ఎక్కుతున్నాననీ ఫోనులో చెప్పినప్పటి నుంచి అమ్మ నేనూ వెళ్తానని పట్టుబడుతున్నారు. నాకు మాత్రం కాళ్ళూ చేతులూ ఆడడం లేదు.

ఇది నిజంగా పనిచేస్తుందా? చిన్నప్పుడు పొలంలో తేనెటీగలు ఎన్నోసార్లు కుట్టినా తనకు వాపు తప్ప మరేమీ రాలేదని అమ్మ అంటున్నారు, దాన్నిబట్టి ఆమెకు అలర్జీ లేదని నమ్మవచ్చా? పోనీ, తేనెటీగ విషం కలిపిన క్రీములని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కదా, కనీసం వాటితో సరిపెట్టవచ్చా? తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.

విశాఖ మత్తువైద్యుడు:

ప్రాణంతో ముడిపడినది మీ రెండో ప్రశ్న గనుక దానికే ముందు జవాబు రాస్తున్నాను. చిన్నప్పుడు కుట్టినా ఏమీ కాలేదన్నది ఆనాటి సంగతి మాత్రమే. తేనెటీగ విషం మీద అలర్జీ పుట్టుకతో వచ్చేది కాదు. విషం ఒంట్లోకి వెళ్ళిన తరువాత కొందరిలో దానికి వ్యతిరేకంగా ఐజీఇ అనే ప్రతిరక్షకాలు తయారై, మాస్ట్ కణాల మీద చేరి కూర్చుంటాయి. ఆ తరువాత ఎప్పుడో కుట్టినప్పుడు ఆ కణాలు తమలోని రసాయనాలను ఒక్కసారిగా వెదజల్లి, ఒళ్ళంతా దద్దుర్లు, గొంతు వాపు, ఆయాసం, రక్తపోటు పడిపోవడం నిమిషాల్లో జరిగిపోతాయి. దీన్నే అనాఫిలాక్సిస్ అంటాము. పదిసార్లు కుట్టించుకున్నవారికి పదకొండోసారి వస్తుందా రాదా అన్నది ఆ పది కాట్లూ చెప్పలేవు. పైగా, విషాన్ని పదేపదే ఎక్కిస్తూ పోవడమే అలర్జీ పుట్టడానికి ఒక దారి.

స్పెయిన్ వైద్యులు 2018లో ప్రచురించిన ఒక నివేదికలో ఇదే జరిగింది. 55 ఏళ్ళ మహిళ, అంతకుముందు అలర్జీ గాని ఉబ్బసం గాని లేనామె, కండరాల పట్టేతకూ ఒత్తిడికీ మందుగా రెండేళ్ళపాటు నాలుగు వారాలకొకసారి తేనెటీగలతో కుట్టించుకుంటూ వచ్చింది. ఒకనాడు కుట్టిన వెంటనే పిల్లికూతలు మొదలై, ఊపిరాడక స్పృహ తప్పింది. ఆసుపత్రికి చేర్చి అన్ని చికిత్సలూ చేసినా కోమా నుంచి బయటపడక, కొన్ని వారాలకు అవయవాలన్నీ విఫలమై మరణించింది.

మీరు రాసిన వివరాల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టినది ఆ అటెనోలాల్ మాత్ర. అనాఫిలాక్సిస్‌కు అసలైన మందు అడ్రినలిన్ ఒక్కటే. పెద్దవాళ్ళకు తొడ బయటి వైపు కండరంలోకి అర మిల్లీగ్రాము, అంటే మన దేశంలో దొరికే ఒక మిల్లీలీటరు ఆంప్యూల్‌లో సగం, వెంటనే ఇవ్వాలి. గుండెనూ ఊపిరితిత్తులనూ అది ఆదుకునేది బీటా గ్రాహకాల ద్వారా. అటెనోలాల్, మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ వంటి మాత్రలు రోజూ మూసి ఉంచేది సరిగ్గా ఆ గ్రాహకాలనే. కాబట్టి ఈ మాత్రలు వేసుకునేవారికి అలర్జీ వస్తే అది తీవ్రంగా ఉండవచ్చు, అడ్రినలిన్ ఇచ్చినా ఒంటికి పట్టకపోవచ్చు. అప్పుడు గ్లూకగాన్ ఇవ్వాల్సి వస్తుంది, అది పెద్ద ఆసుపత్రుల్లో తప్ప ఉండదు. బ్రిటన్‌లో అనాఫిలాక్సిస్ మరణాలను పరిశీలించినప్పుడు, కీటకాలు కుట్టి చనిపోయినవారిలో కుట్టిన క్షణం నుంచి గుండె ఆగేదాకా గడిచిన సమయం సగటున 15 నిమిషాలుగా తేలింది. ఆ ఊరి నుంచి 108 వాహనం పావుగంటలో మిమ్మల్ని ఎక్కడికి చేర్చగలదో మీకే బాగా తెలుస్తుంది. పల్లెల్లో ఇలాంటప్పుడు అవిల్ సూది వేసి కూర్చోబెడతారు. అది దురదను తగ్గిస్తుందే తప్ప పడిపోతున్న రక్తపోటును నిలబెట్టలేదు.

ఇక పనిచేస్తుందా అన్న ప్రశ్న. దీన్ని మూఢనమ్మకమని ఒక్క మాటలో కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే మోకాలి అరుగుదల విషయంలో కొంత ఆధారం ఉంది. 2019లో వెలువడిన ఒక పరీక్షలో 538 మంది రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు శుద్ధి చేసి కొలిచిన తేనెటీగ విషాన్ని చర్మంలోకి సూదితో ఎక్కించారు, రెండో జట్టుకు హిస్టమిన్ ఇచ్చారు. ఉప్పునీరు ఇస్తే మంట పుట్టదు గనుక తనకు ఏది ఇచ్చారో రోగి ఇట్టే కనిపెడతాడు, అందుకని మంటా దద్దూ పుట్టించే హిస్టమిన్‌ను ఎంచుకున్నారు. 12 వారాలు గడిచేసరికి విషం తీసుకున్న జట్టుకే నొప్పి ఎక్కువగా తగ్గింది. ఇది కొట్టిపారేయదగిన ఫలితం కాదు. అయితే అందులో వాడినది సీసాలో కొలిచిన మందు, ఇచ్చినది వైద్యుడు, పక్కన అత్యవసర మందులు సిద్ధంగా ఉన్నాయి. ఈగను పట్టి కుట్టించడానికి ఆ ఫలితాన్ని సాక్ష్యంగా తెచ్చుకోవడం చెల్లదు.

బతికి ఉన్న ఈగలతోనే చేసిన పరీక్ష కూడా ఒకటుంది, కానీ అది కీళ్ళ నొప్పికి కాదు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉన్న 26 మందికి వారానికి మూడుసార్లు, ఒక్కో విడతకు 20 ఈగల దాకా, 24 వారాలపాటు కుట్టించి చూశారు. 2005లో ప్రచురించిన ఫలితం ప్రకారం జబ్బూ తగ్గలేదు, అలసటా తగ్గలేదు. తేనెటీగ విష చికిత్సల మీద 145 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2015లో చేసిన సమీక్షలో, దుష్ప్రభావాల రేటు మధ్యస్థంగా 29 శాతానికి దగ్గరగా ఉంది. వీటిలో చాలావరకు దురద, వాపు వంటి చిన్నవే అయినా, ప్రాణాంతకమైనవీ ఉన్నాయి.

ఈ సందర్భంలో ఒక విచిత్రం చెప్పాలి. నొప్పి మీద పరిశోధన చేసేవారికి తేనెటీగ విషం బాగా పరిచయమైన వస్తువే, కానీ నొప్పి పుట్టించే సాధనంగా. లారివియేర్, మెల్జాక్ అనే శాస్త్రవేత్తలు 1996లో ఎలుక పాదంలోకి ఈ విషాన్ని ఎక్కించి, అది ఎంతసేపు పాదాన్ని ఎత్తుకుని నాక్కుంటుందో లెక్కగట్టే పద్ధతిని ప్రవేశపెట్టారు. కొత్త నొప్పి మందులను తూచడానికి దాన్ని వాడతారు. విషంలో సగానికి సగం ఉండే మెలిటిన్ అనే పదార్థం కణాల పొరకు కన్నాలు పొడుస్తుంది, మంటకు మూలం అదే. ఒకచోట గట్టి నొప్పి పుడితే మరోచోటి నొప్పిని మెదడు కాసేపు అణచివేస్తుందన్నది కూడా రుజువైన సంగతే. కుట్టించుకుని లేచిన రోజున మోకాలు హాయిగా ఉన్నట్టు అనిపించడంలో దీని వాటా కొంత ఉండవచ్చు.

నా మాట సూటిగా చెబుతాను: మీ అమ్మగారికి, ఆ మాత్ర వాడుతుండగా, ఆ చోట ఇది చేయించకండి.

ఏలూరు తేనె రైతు:

చెల్లెమ్మా, నేను ఇటాలియన్ తేనెటీగల పెట్టెలు పెట్టుకుని, పొద్దుతిరుగుడుకూ నువ్వుకూ కార్తీకంలో అరకు వలిసె పూలకూ వాటిని తిప్పుకుంటూ బతికేవాణ్ని. డాక్టరుగారు వైద్యం సంగతి రాశారు గనుక నేను ఈగ సంగతి రాస్తాను.

పట్టకారుతో రెక్కలు పట్టుకుని చర్మం మీద ఆనిస్తే ఈగ పొట్ట వంచి ముల్లు దింపుతుంది. ముల్లుకు వెనక్కు తిరిగిన పళ్ళుంటాయి, అందువల్ల అది మళ్ళీ ఊడి రాదు. ఈగ విదిలించుకుని ఎగిరేసరికి దాని పొట్ట చివర చీలి, ముల్లూ దానికి అంటుకున్న విషపు తిత్తీ మన చర్మం మీదే మిగిలిపోతాయి. కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా చూడండి, ఈగ పోయాక కూడా ఆవగింజంత ఆ తిత్తి ఆగి ఆగి కొట్టుకుంటూ, ముల్లును ఇంకా లోపలికి దింపుకుంటూ పోతుంది. విషంలో దాదాపు 90 శాతం మొదటి 20 సెకన్లలోనే దిగిపోతుందని పరిశోధకులు తేల్చారు. అందుకే గోటితో గీరాలా, వేళ్ళతో లాగాలా అని తర్జనభర్జన పడకుండా చేతికి ఎలా వస్తే అలా వెంటనే తీసేయమని మేము కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకు చెబుతాము.

ఇప్పుడు ఆ వైద్యం చేసే ఆయన ముల్లును ఎంతసేపు ఉంచుతున్నాడు? రెండు సెకన్లకు తీస్తే ఒక మోతాదు, పది నిమిషాలు ఉంచితే మరో మోతాదు. ఒక్క కాటులో దిగే విషం 50 నుంచి 140 మైక్రోగ్రాముల దాకా ఎంతైనా ఉండవచ్చు. అప్పుడే గదిలోంచి బయటపడిన పిల్ల ఈగకు విషమే ఉండదు. రెండు మూడు వారాల వయసులో, గుమ్మం దగ్గర కాపలా కాసే ఈగకు తిత్తి నిండుగా ఉంటుంది. పెట్టె మూత తీసి చేతికందిన దాన్ని పట్టేవాడికి ఏది ఏ వయసుదో తెలిసే వీలు లేదు. పది ఈగలంటే పది మాత్రల వంటి లెక్క కాదు.

ఇంకొక మాట. కుట్టిన చోట అరటిపండు వాసన వస్తుంది, గమనించారా? ఐసోఅమైల్ ఎసిటేట్ అనే పదార్థం అది, "ఇక్కడే శత్రువు ఉన్నాడు, రండి" అని తోటి ఈగలను పిలిచే సంకేతం. పెట్టెల పక్కనే మంచం వేసి మోకాలికి పది ఈగలతో కుట్టిస్తే, పిలవని పేరంటానికి మిగిలిన ఈగలు కూడా వస్తాయి. నేను పొగడబ్బా లేకుండా పెట్టె దగ్గరికే పోను.

తేనె రైతులకు కీళ్ళ నొప్పులు రావని నాతో చాలామంది అంటుంటారు. నిండిన పెట్టె పాతిక ముప్ఫై కిలోలు తూగుతుంది, దాన్ని అర్ధరాత్రి లారీ ఎక్కించి తెల్లవారేలోపు మరో ఊళ్ళో దించాలి. నడుము పట్టని తేనె రైతును నేనింతవరకు చూడలేదు. ఏడాదికి వందల కాట్లు తినే మాబోటివాళ్ళకు ఒళ్ళు అలవాటు పడుతుందన్నది నిజమే. కానీ ఏడాదికి నాలుగైదు కాట్లు తినేవాళ్ళకూ, మా ఇళ్ళల్లో బట్టలు ఉతికే ఆడవాళ్ళకూ, పిల్లలకూ అలర్జీ ఎక్కువగా వస్తుంది. మా ఇంట్లో నేను పెట్టెల దగ్గరికి వేసుకెళ్ళే బట్టలు విడిగానే నానబెడతారు.

కరీంనగర్ ప్రకృతి వైద్యాభిమాని:

పై ఇద్దరి అనుభవాన్నీ గౌరవిస్తూనే నా అభ్యంతరం చెప్పదలిచాను. ఈ చికిత్స నిన్నమొన్న ఎవరో పల్లెటూరి మనిషి కనిపెట్టినది కాదు. నేటి స్లొవేనియాలోని మారిబోర్‌లో వైద్యం చేసిన ఫిలిప్ టెర్చ్ అనే డాక్టరు, తేనెటీగల కాట్లకూ కీళ్ళవాతానికీ ఉన్న సంబంధం గురించి 1888లోనే వియన్నా వైద్య పత్రికలో రాశాడు. ఆయన పుట్టిన మార్చి 30వ తేదీని నేటికీ ప్రపంచమంతటా తేనెటీగల వైద్య దినంగా జరుపుకుంటున్నారు. విషమన్న మాట వినగానే భయపడవలసిన పనీ లేదు. రక్తపోటుకు వాడే కాప్టోప్రిల్ బ్రెజిల్ పాము విషం మీద జరిగిన పరిశోధన నుంచి పుట్టింది. తీవ్రమైన నొప్పికి అమెరికాలో 2004లో అనుమతి పొందిన జికోనోటైడ్ సముద్రపు నత్త విషం నుంచి వచ్చింది. పాముకూ నత్తకూ ఇచ్చిన గౌరవం తేనెటీగకు ఎందుకివ్వకూడదు?

నొప్పి మాత్రలు మింగి మూత్రపిండాలు పోగొట్టుకున్నవారిని మా వీధిలోనే చూశాను. వాటి మీద ఇంత చర్చ జరగదు. నా భార్య మెడ నొప్పికి ఈ చికిత్స చేయించుకుని ఉపశమనం పొందింది. ఆమెకు ముందుగా ఒక్క కాటు వేసి, అరగంట కూర్చోబెట్టి చూసి, ఆ తరువాతే కొనసాగించారు. పద్ధతిగా చేసేవారు కూడా ఉన్నారని ప్రశ్న అడిగిన సోదరి గ్రహించాలని నా మనవి.

విశాఖ మత్తువైద్యుడు:

మీరిచ్చిన రెండు ఉదాహరణలూ సరైనవే, నా వాదనకే అవి ఎక్కువ పనికివస్తాయి. కాప్టోప్రిల్ తయారు చేసినవారు రోగులను పాముతో కరిపించలేదు. విషంలోని ఒక పదార్థం ఎలా పనిచేస్తుందో చూసి, దాని మాదిరిగా మాత్రలో ఇమిడే మందును ప్రయోగశాలలో తయారు చేశారు. జికోనోటైడ్ కూడా ప్రయోగశాలలో చేసిందే, పైగా వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి పంపుతో చుక్క చుక్కగా ఎక్కిస్తారు, మోతాదు కాస్త ఎక్కువైతే మనిషికి భ్రమలు కలుగుతాయి. తేనెటీగ విషం విషయంలో కూడా అలర్జీకి ముఖ్య కారణమైన ఫాస్ఫోలిపేజ్ ఎ2 వంటి పెద్ద ప్రోటీనులను తీసేసి మిగిలిన దాన్ని వాడే ప్రయత్నాలు జరుగుతున్నాయి. అవి ఫలిస్తే నేనే వాడతాను. ఈగ కాటులో అన్నీ కలిసే వస్తాయి.

అరగంట కూర్చోబెట్టి చూడడం మంచి అలవాటే. అది ఆ రోజు కాటుకు మాత్రమే హామీ, తరువాతి వారానికి కాదు. నొప్పి మాత్రల దుర్వినియోగం గురించి మీరన్నది అక్షరాలా నిజం, దాని మీద వేరుగా రాయవలసినది చాలా ఉంది.

అత్తయ్యగారికి నొప్పి సగం తగ్గిందన్న మాటను కూడా నేను కాదనను. మోకాలి అరుగుదల నొప్పి ఒక్క తీరుగా ఉండదు, కొన్ని వారాలు ఎగసి, ఆపై దానంతటదే కొంత దిగుతుంది. మనుషులు వైద్యం కోసం వెతుక్కునేది అది బాగా ఎగసినప్పుడే గనుక, ఆ తరువాత ఏం చేయించుకున్నా తగ్గినట్టే కనిపిస్తుంది. మందు లేకపోయినా చికిత్స జరిగిందన్న నమ్మకంతోనే తగ్గినట్టు అనిపించే ఉత్తుత్తి మందు ప్రభావం, సూది గుచ్చే చికిత్సలకు మాత్రల కన్నా ఎక్కువ. వీటిని విడదీయాలంటే 538 మందితో చేసినట్టు పోల్చి చూడాలి. ఒక్కరి అనుభవం ఎంత నిజాయితీగా చెప్పినా ఆ పని చేయలేదు.

సియోల్ తెలుగు విద్యార్థి:

నేను దక్షిణ కొరియాలో పరిశోధన చేస్తున్నాను. ఇక్కడ సంప్రదాయ వైద్యుల క్లినిక్‌లలో ఈ చికిత్స సాధారణం, "బాంగ్‌చిమ్" అంటారు. చాలాచోట్ల ఈగలు కనబడవు. విషాన్ని సేకరించే తీరు కూడా వేరు: పెట్టె గుమ్మం దగ్గర సన్నటి తీగలు చుట్టిన గాజు పలకను పెట్టి, తీగల్లో స్వల్పంగా కరెంటు పంపితే ఈగలు గాజును కుడతాయి, ముల్లు దిగబడదు గనుక చావవు. గాజు మీద ఎండిన తెల్లటి పొడిని గీకి తీసి, శుద్ధి చేసి, వేల రెట్లు పలచన చేసి సీసాల్లో నింపుతారు. నా గదిలో ఉండే కొరియా మిత్రుడు నడుము నొప్పికి వెళ్ళినప్పుడు నేను తోడు వెళ్ళాను. మొదట ముంజేతి మీద చర్మ పరీక్ష చేశారు, ఏ మందులు వాడుతున్నాడో రాయించుకున్నారు.

ఇంత పద్ధతి ఉన్న దేశంలో కూడా 2018లో బుచాన్ నగరంలో ఒక పాఠశాల ఉపాధ్యాయురాలు నడుము నొప్పికి ఈ సూది వేయించుకుని అనాఫిలాక్సిస్‌తో మరణించింది. సంప్రదాయ వైద్యుడు అదే భవనంలోని మరో వైద్యుణ్ని సాయానికి పిలవవలసి వచ్చింది. ఆయన వచ్చి అడ్రినలిన్ ఇచ్చినా ఫలితం లేకపోయింది. ఆ తరువాత కుటుంబం ఇద్దరి మీదా కోర్టుకు వెళ్ళడంతో, సాయం చేయడానికి వచ్చిన వైద్యుణ్ని కూడా బాధ్యుణ్ని చేయవచ్చా అన్న చర్చ ఇక్కడి పత్రికల్లో చాలాకాలం నడిచింది. అత్యవసర మందు తన దగ్గరే లేని చోట ఈ చికిత్స మొదలుపెట్టడం ఏమిటన్న ప్రశ్నే నాకు అన్నిటికన్నా న్యాయంగా తోచింది.

నరసరావుపేట ఫార్మసిస్టు:

క్రీముల గురించి ఎవరూ చెప్పలేదు గనుక రెండు ముక్కలు. చర్మం గుండా తేలికగా దిగాలంటే అణువు చిన్నదై ఉండాలి, దాని బరువు 500 డాల్టన్లు (అణువుల బరువుకు కొలమానం) దాటితే కష్టమని మందుల తయారీలో ఒక లెక్క. మెలిటిన్ 2,800 డాల్టన్లకు పైబడినది, మిగిలిన ప్రోటీనులు ఇంకా పెద్దవి. మోకాలి చిప్ప వెనక ఉన్న కీలుకు అవి పైపూతగా చేరవు. రాసుకున్నప్పుడు చల్లగానో వేడిగానో అనిపిస్తే అది మెంథాల్, కర్పూరం, మిరప సారం వంటి వాటి పుణ్యం. అలర్జీ ఉన్నవారికి దద్దుర్లు మాత్రం వీటితోనూ రావచ్చు. హోమియోపతిలో ఏపిస్ అని దొరికేది వేరు, అందులో విషం లెక్కకు రానంతగా పలచనై ఉంటుంది.

కీళ్ళవాతం పూర్తిగా నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి మందులు, మంత్ర చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం ప్రకారం నేరం, రుమాటిజం పేరు ఆ చట్టం జాబితాలోనే ఉంది. ఆన్‌లైన్‌లో ఆ క్రీముల కింద రాసిన మాటలు ఒకసారి చదివి చూడండి.

తెనాలి వాసి:

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులన్నీ అమ్మకు చదివి వినిపించాను. స్పెయిన్ సంగతి విని కాసేపు ఊరుకున్నారు, ఆ తరువాత, "అయితే ఆ బీపీ మాత్ర ఓ పదిహేను రోజులు మానేసి వెళ్తాను, అప్పుడు పరవాలేదు కదా" అన్నారు. ఆ మాటకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. డాక్టరుగారూ, అలా చేయవచ్చా? కుదరదంటే, నొప్పి మాత్రలు పడని మనిషికి ఇంకేం దారి ఉందో కూడా చెప్పండి. ఊరికే వద్దంటే ఆమె వినరు. మా అత్తయ్య మాత్రం ఇప్పటికీ వారానికి రెండుసార్లు వెళ్తూనే ఉన్నారు.

విశాఖ మత్తువైద్యుడు:

అటెనోలాల్‌ను ఉన్నట్టుండి ఆపకూడదమ్మా. ఇన్నేళ్ళు అదిమి ఉంచిన గుండె వేగం, రక్తపోటు ఒక్కసారిగా ఎగసిపడతాయి, గుండె రక్తనాళాల్లో అడ్డంకి ఉన్నవారికి గుండెపోటు కూడా రావచ్చు. మార్చదలిస్తే రాసిన వైద్యుడే మెల్లగా తగ్గిస్తూ మరో రకం మాత్రకు మార్చాలి. ఆ మార్పు అవసరమా అన్నది ఆమె గుండె పరిస్థితిని బట్టి ఆయన నిర్ణయిస్తారు. తేనెటీగల కోసం మాత్రం ఆ మాట ఎత్తవద్దు. మాత్ర మారినంత మాత్రాన అలర్జీ భయం పోదు.

నొప్పికి దారులు ఉన్నాయి. మోకాలి అరుగుదలకు అన్నిటికన్నా గట్టి ఆధారం ఉన్నది తొడ ముందు కండరానికి బలం చేకూర్చే వ్యాయామానికి. మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని మోకాలి వెనక భాగంతో పరుపులోకి గట్టిగా అదిమి, అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. తొడ మీద చెయ్యి వేసి చూస్తే కండరం రాయిలా బిగుసుకోవడం తెలుస్తుంది, బిగుసుకోకపోతే తప్పుగా చేస్తున్నట్టు. పదేసి సార్లు, రోజుకు మూడు పూటలా. మొదటి పది పదిహేను రోజులు ఏ తేడా కనిపించక విసుగు పుడుతుంది, చాలామంది అక్కడే మానేస్తారు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆపకుండా చేయాలి. ఒకటి రెండుసార్లు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుంటే మేలు. బరువు ఎక్కువగా ఉంటే, తగ్గించిన ప్రతి కిలోకూ అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికాలో కొలిచి చూపించారు. కింద కూర్చుని చేసే పనులు ఎత్తు పీట మీదికి మార్చండి.

డైక్లోఫెనాక్ జెల్ మోకాలి మీద రాస్తే రక్తంలోకి చేరేది మాత్రతో పోలిస్తే చాలా తక్కువ, అందువల్ల కడుపులో పుండు చరిత్ర ఉన్నవారికి కూడా వైద్యుడి సలహాతో వాడవచ్చు. అలా కూడా తగ్గకపోతే కీలులోకి స్టెరాయిడ్ సూది, మోకాలి నరాలకు రేడియో తరంగాలతో చేసే చికిత్స వంటివి ఉన్నాయి. వాటి గురించి మీ ఎముకల డాక్టరుగారితో మాట్లాడండి.

మీ అత్తయ్యగారి సంగతి నాకు ఇంకా ఆందోళనగానే ఉంది. కుట్టించుకున్న రోజున అరచేతులు, అరికాళ్ళు దురద పెట్టడం, కుట్టిన చోటుకు దూరంగా దద్దుర్లు లేవడం, పెదవులు బరువెక్కడం, కడుపులో తిప్పడం, ఏదో కీడు జరగబోతోందన్నట్టు గుండె దడదడలాడడం ఎప్పుడైనా జరిగిందేమో అడగండి. ఒక్కటి జరిగినా ఇక వెళ్ళకూడదు, అలర్జీ నిపుణుడికి చూపించి ఐజీఇ పరీక్ష చేయించాలి. అలర్జీ ఉందని తేలితే, తేనెటీగ విషాన్నే అతి తక్కువ మోతాదులో మొదలుపెట్టి 100 మైక్రోగ్రాముల దాకా పెంచుతూ మూడు నుంచి అయిదేళ్ళు ఇచ్చే ఇమ్యునోథెరపీ ఉంది, అది ఆ అలర్జీకి చేసే చికిత్స, మోకాళ్ళకు కాదు. ఆమె వేసుకునే మాత్రల చీటీ కూడా ఒకసారి చూడండి. కంట్లో నీటికాసులుండి చుక్కలు వాడుతున్నట్లయితే ఆ సీసా మీద టిమోలాల్ అని ఉందేమో చదవండి, అది కూడా అటెనోలాల్ జాతి మందే, కంటి చుక్కలను మందుల లెక్కలో చెప్పాలని పెద్దవాళ్ళకు తోచదు.